కీమోకు ముందు ఆరు నిమిషాలు నడిపించి చూడండి

రొమ్ము క్యాన్సర్ అని తేలిన రోజు నుంచి ఆస్పత్రిలో కొలతలు మొదలవుతాయి. గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, చంకలో గ్రంథులు ఎన్ని, హిమోగ్లోబిన్ ఎంత, తెల్లకణాలు ఎన్ని. ఎత్తూ బరువూ చూసి మందు మోతాదు కడతారు. గుండెకు ఎకో తీస్తారు. అన్నీ కావలసినవే. కానీ ఆ మనిషి ఆగకుండా ఎంత దూరం నడవగలదు, చేతి ఊతం లేకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలదు, పిడికిట్లో పట్టు ఎంతుంది అన్న వివరాలు చాలామంది కేస్ షీట్లలో వెతికినా దొరకవు. ఈ లోటు పూడ్చమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ, క్యాన్సర్ ఆస్పత్రులనూ కోరుతున్నాం.

రోగి ఓపికను డాక్టర్లు అసలు పట్టించుకోరని మేము అనడం లేదు. ఈకాగ్ అనే పద్ధతిలో ఒక అంకె వేస్తారు. 0 అంటే ఎప్పటిలాగే తిరుగుతున్నారని, 4 అంటే పూర్తిగా మంచాన పడ్డారని. అయితే ఆ అంకె ఓపీలో ఒకటి రెండు ప్రశ్నలతో తేలిపోయే అంచనా. ‘‘ఎలా ఉన్నావమ్మా?’’ ‘‘బాగానే ఉన్నాను సార్.’’ వెనక అంతమంది నిలబడి ఉంటే మన ఆడవాళ్లు ఇంకేం చెబుతారు? మేడ మెట్లు సగం ఎక్కి కూలబడిన సంగతి నోటికి రాదు. 1 అని రాసిన ఇద్దరిలో ఒకరు బజారుదాకా వెళ్లి కూరలు తెచ్చుకుంటారు, ఇంకొకరు వీధి మలుపు దగ్గరే గోడ పట్టుకుంటారు. కాగితం మీద ఇద్దరికీ తేడా లేదు.

ఎకో కూడా ఈ తేడా చెప్పదు. మనిషి పడుకుని ఉన్నప్పుడు గుండె ఎలా కొట్టుకుంటోందో అది చూపిస్తుంది. ‘ఎర్ర మందు’ అని అందరూ పిలుచుకునే అడ్రియామైసిన్ గుండె మీద ప్రభావం చూపుతుంది కాబట్టి ఎకో తప్పనిసరే. కానీ నడిచేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు, రక్తం, కండరాలు అన్నీ కలిసి ఎంత పని చేయగలవన్నది నడిపిస్తేనే తెలుస్తుంది. అమెరికాలో చికిత్సకు ముందు, చికిత్స నడుస్తుండగా, ముగిశాక ఇలా వివిధ దశల్లో ఉన్న 248 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. వ్యాయామం అలవాటే లేని ఆరోగ్యవంతులైన ఆడవాళ్లతో పోల్చినా వీళ్ల శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే సామర్థ్యం సగటున 27 శాతం తక్కువగా ఉంది. మన దగ్గర పరిస్థితి అసలే అంతంతమాత్రం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఆ ఒంటితోనే కీమోకు కూర్చుంటున్నారు.

కొలవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. మెట్లూ గుంటలూ లేని 30 మీటర్ల వరండా, రెండు చివర్లా చాక్‌పీసుతో గీత, గడియారం, బీపీ మిషను ఉంటే ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టొచ్చు. ఆయాసం వస్తే ఆగవచ్చు, తేరుకుని మళ్లీ నడవవచ్చు, ఎన్ని మీటర్లు నడిచారో రాస్తారు. తర్వాత గోడకు ఆనించిన 17 అంగుళాల ఎత్తు కుర్చీ. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చున్నారో లెక్క. పట్టు చూడటానికి చేత్తో పిండే చిన్న పరికరం ఒకటి. ఆపరేషన్ అయినవాళ్లకు చెయ్యి చెవిదాకా లేస్తోందా, టేపుతో కొలిస్తే రెండు చేతుల చుట్టుకొలతలో 2 సెంటీమీటర్ల తేడా వచ్చిందా చూడాలి. చెయ్యి లేవడం చిన్న విషయం కాదు. రేడియేషన్ ఇచ్చేటప్పుడు సాధారణంగా చెయ్యి తలపైకి పెట్టి కదలకుండా పడుకోవాలి. భుజం పట్టేసిందని ఆ రోజు తెలిస్తే చికిత్సే వెనక్కి పోతుంది. ఛాతీనొప్పి ఉన్నవాళ్లకు, బీపీ బాగా ఎక్కువున్నవాళ్లకు, జబ్బు ఎముకలకు పాకినవాళ్లకు డాక్టరు సరేనన్నాకే ఈ పరీక్షలు చేయాలి.

కొలిచి ఏం చేస్తారని అడిగేవాళ్లున్నారు. కీమో మొదలైన 242 మందితో కెనడాలో జరిగిన అధ్యయనం 2007లో వచ్చింది. కండరాలకు పని చెప్పే వ్యాయామం చేసినవాళ్లు అనుకున్న మోతాదు కీమోను మిగతావాళ్లకంటే బాగా పూర్తిచేయగలిగారు. ‘బరువెత్తితే చెయ్యి వాస్తుంది’ అన్న భయం మన ఇళ్లలో గట్టిగా నాటుకుంది. అప్పటికే చెయ్యి వాచిన 141 మందితో అమెరికాలో పద్ధతిగా, కొద్దికొద్దిగా పెంచుతూ బరువులెత్తించి చూస్తే వాపు పెరగలేదు, బాధలు తగ్గాయి. అది 2009 నాటి మాట. చికిత్స జరుగుతుండగానే వ్యాయామం సూచించాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2022లో మార్గదర్శకం ఇచ్చింది. ఎవరికి ఎంత వ్యాయామం, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది కొలవకుండా ఎలా చెబుతారు?

ఇంకో సంగతి ఉంది, మాకు అన్నిటికంటే ముఖ్యమైనది. నాట్లకు వెళ్లే మనిషి, బీడీలు చుట్టే మనిషి, కుట్టుమిషను తొక్కే మనిషి చికిత్స అయ్యాక అడిగేది ఒకటే: ‘‘సార్, పనికి ఎప్పుడు పోవచ్చు?’’ ‘‘బరువులెత్తకు, జాగ్రత్త’’ అన్నదే జవాబు. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ మంచం దిగనివ్వరు. కండ కరుగుతుంది, బరువు మాత్రం తగ్గకపోవచ్చు, అందువల్ల తూకం మిషనుకు ఆ నష్టం పట్టుబడదు. మొదట ఎన్ని మీటర్లు నడిచింది, ఇప్పుడెన్ని నడుస్తోంది అన్న లెక్క ఉంటే ఆమెకు ధైర్యం, ఇంట్లోవాళ్లకు నమ్మకం, డాక్టరుకు ఆధారం.

సిబ్బందికి తీరిక లేదంటారు. నిజమే. కానీ కీమో రోజు రక్తపరీక్ష రిపోర్టు కోసం మనవాళ్లు ఆ వరండాల్లోనే గంటలకొద్దీ కూర్చుంటున్నారు. అందులో ఇరవై నిమిషాలు, ఒక ఫిజియోథెరపిస్టు చాలు.

మా డిమాండు ఇది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందే ప్రతి మనిషికీ ఈ కొలతలు చికిత్సకు ముందు, కీమో మధ్యలో, అంతా ముగిశాక తీసి కేస్ షీట్‌లో రాయాలి. దానికయ్యే ఖర్చు ప్యాకేజీలో చేర్చాలి. హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ హోమీ భాభా ఆస్పత్రుల నుంచి జిల్లాల్లోని కీమో కేంద్రాల దాకా ఇది తప్పనిసరి కావాలి, ఫిజియోథెరపిస్టు పోస్టులు నింపాలి.

అక్కలారా, చెల్లెళ్లారా, ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు మొహమాటపడకండి. ‘‘సార్, నా నడక కొలిపించి ఫైల్లో రాయండి’’ అని అడగండి. వెంట వెళ్లే అన్నదమ్ములు, భర్తలు, పిల్లలు కూడా అడగాలి. ఈ కాగితాన్ని డాక్టరు బల్ల మీద పెట్టి రండి.