పాల లెక్క రాసినట్టే నెట్ లెక్కా రాయండి

మా పర్చూరు వైపు ఇవి మిరపకాయల కల్లాల రోజులు. మాది ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా అయింది. జిల్లా మారినా పనులు మారవు గదా! ఇంత హడావుడిలోనూ ఈ వారం మీకు చెప్పాలనుకున్నది పచ్చళ్ల సంగతి కాదు, మా ముందు గదిలో గోడకున్న ఇంటర్నెట్ డబ్బా సంగతి.

మా పెద్దమ్మాయి ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం. కాన్పు దగ్గరపడేదాకా ఇంటినుంచే పనిచేస్తానని ఆఫీసులో ఒప్పించుకుంది. 2017లో చట్టం మార్చాక మొదటి రెండు కాన్పులకీ జీతంతో 26 వారాల సెలవు ఉంది. అందులో ముందు ఎంత తక్కువ వాడుకుంటే, తర్వాత బిడ్డ దగ్గర అంత ఎక్కువ ఉండొచ్చని దాని ఆశ.

వచ్చిన నాలుగో రోజే నెట్ పోవడం మొదలైంది. మీటింగులో మాట్లాడుతుండగానే ఆగిపోయేది. సిగ్నల్ కోసం పిల్ల ఫోన్ పట్టుకుని మేడ మీదికి పరుగెత్తడం, మెట్లెక్కొద్దని నేను అరవడం! చివరికి ఆఫీసువాళ్లు "పని కుదరకపోతే సెలవు పెట్టేసుకోండి" అన్నారట. ఆ రాత్రి అది సరిగా అన్నం తినలేదు.

కంపెనీకి ఫోన్ చేశాను. "డబ్బా ఆపి మళ్లీ వేయండి మేడమ్" అన్నారు. ఐదుసార్లు చేస్తే ఐదుగురు మాట్లాడారు, ఐదుసార్లూ కథ మొదటినుంచి చెప్పాల్సిందే. సాయంత్రానికి 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజీ! డబ్బా మీద ఎర్రదీపం మాత్రం వెలుగుతూనే ఉంది. ఊళ్లో లైన్‌మన్‌ని అడిగితే "పైనుంచే ప్రాబ్లం పిన్నీ" అన్నాడు. కంపెనీ మారదామంటే ఆర్నెల్ల డబ్బు ముందే కట్టేశాం.

అప్పుడు మా అత్తయ్యగారు ఒక మాటన్నారు. "పాలవాడు రాని రోజు క్యాలెండర్లో సున్నా చుడతావు గదమ్మా, దీనికెందుకు చుట్టవు?" అని.

నిజమే గదా అనిపించి ఒక నోటుబుక్ పెట్టాను. నెట్ ఎన్నింటికి పోయింది, ఎన్నింటికి వచ్చింది, డబ్బా మీద ఏ దీపం వెలిగింది, ఫిర్యాదు నంబరెంత, అవతలివాళ్లు ఏమన్నారు, అన్నీ రాశాను. పది రోజుల్లో పద్నాలుగుసార్లు పోయింది. అందులో పదకొండు సాయంత్రం నాలుగు నుంచి ఆరు లోపలే!

ఆ వేళకి మా వీధిలో ఏం జరుగుతుందా అని వాకిట్లో నిలబడి చూశాను. చేలనుంచి కాయలు కల్లానికి తోలే ట్రాక్టర్లు వస్తున్నాయి. స్తంభాల మధ్య వేలాడే మన తీగని పై మూటలు రాసుకుంటూ పోతున్నాయి. ఈ ఫైబర్ తీగలో ఉండేది రాగి కాదు, వెంట్రుకంత సన్నటి గాజుపోగు. అందులో వెలుతురు ప్రయాణిస్తుంది. అతుకు వదులైనా, తీగ మడత పడినా ఆ వెలుతురు ఇంటిదాకా రాదు. ఎల్.ఓ.ఎస్. అన్నచోట ఎర్రదీపం వెలిగిందంటే అర్థం అదే. అలాంటప్పుడు డబ్బా ఎన్నిసార్లు ఆపి వేస్తే ఏం లాభం?

ఇక ఎవరికి చెప్పాలన్నది అమ్మాయే వెతికింది. ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం పెద్ద కంపెనీలు ప్రతి ఫిర్యాదుకీ నంబరు ఇవ్వాలి. గడువులో బాగుచేయకపోయినా, చేసింది మనకి నచ్చకపోయినా కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి 30 రోజుల్లోపు రాసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. 39 రోజుల్లో తేల్చాలి. ఒక్కొక్కరి ఫిర్యాదునీ ట్రాయ్ తనే విచారించదు, కాబట్టి మొదట ఇక్కడికే వెళ్లాలి.

నోటుబుక్ పేజీలు, తీగ ఫొటో జతచేసి అప్పీలు పంపాం. మూడోరోజున ఇద్దరు వచ్చారు. అతుకు కొత్తగా వేసి, తీగ పైకి లాగి కట్టారు. ప్లాను గడువు పది రోజులు పొడిగించారు. కానీ అమ్మాయి అప్పటికే మూడు రోజుల సెలవు వాడేసింది. ఆ మూడు రోజులు ఎవరూ తిరిగివ్వలేరు. మొదటి రోజునే రాసుకుని ఉంటే అవీ మిగిలేవి కదా అని నాకిప్పటికీ బాధే.

మీకు ఇలా జరిగితే ఇవి గుర్తుంచుకోండి:

* పని పూర్తికాకుండానే 'పరిష్కారమైంది' అని మెసేజీ వస్తే ఊరుకోకండి. ఆ పాత నంబరు చెప్పి, కాలేదని అదే రోజు మళ్లీ రాయించండి.

* అప్పీలుతోనూ తెమలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు.

* ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఫోన్ సేవల ఫిర్యాదులు అక్కడ వేయొచ్చని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. సేవకి మనం కట్టింది 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు.

* దీపాలన్నీ పచ్చగానే ఉండి నెట్ మెల్లగా వస్తుంటే తప్పు మన ఇంట్లోనే ఉండొచ్చు. డబ్బాని బీరువా వెనకా, ఫ్రిజ్ పక్కనా పెట్టకండి.

* తెగిన ఫైబర్ కొసలోకి తొంగిచూడకండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. అందులో వెలుతురు కంటికి కనపడదు గానీ కళ్లకి మంచిది కాదు.

అరిచి అలిసిపోవడం కన్నా రాసి చూపించడం మేలు. పాల లెక్క తప్పకుండా రాసే మనకి ఇదేమంత పని చెప్పండి? ఉంటాను మరి, కల్లంలో కాయలు తిరగేసే వేళయింది!