సమాజమందిరంలో తూటా పేలితే మనకెందుకులే అనవచ్చా?

సమాజమందిరం అనే మాట మనకు కొత్తది కాదు. నజరేతు సమాజమందిరంలో యేసు లేచి యెషయా గ్రంథం చదివిన సంగతి సండే స్కూల్లోనే విన్నాం. అయినా ఈ రోజుల్లో సమాజమందిరంపై దాడి జరిగిందంటే, ‘అది యూదుల గొడవ’ అని పక్కకు తప్పుకుంటున్నాం. ఈ మౌనం తప్పని మేము గట్టిగా చెబుతున్నాం.

2018 అక్టోబరు 27, శనివారం ఉదయం. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ట్రీ ఆఫ్ లైఫ్ సమాజమందిరానికి ఆరాధనకు వచ్చిన 11 మందిని ఒక దుండగుడు కాల్చి చంపాడు. వారిలో 97 ఏళ్ల వృద్ధురాలు ఉంది. 2023లో ఫెడరల్ జ్యూరీ 63 ఆరోపణల్లోనూ అతణ్ణి దోషిగా తేల్చింది. ప్రాసిక్యూటర్లు హత్య ఒక్కటే చూపి ఊరుకోలేదు. యూదులన్న ద్వేషంతోనే చంపాడని, వారి ఆరాధనా స్వేచ్ఛను అడ్డుకున్నాడని కూడా నిరూపించారు.

‘హత్య కేసు చాలదా? ద్వేషమని వేరే పేరెందుకు?’ అని మన యువత అడగవచ్చు. మరి మన దేశంలో 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఎందుకు వచ్చింది? కులాన్ని చూసి కొట్టిన దెబ్బ ఒక్కరికే తగలదు, వాడంతా వణుకుతుంది. సమాజమందిరంలో పేలిన తూటా కూడా అంతే. మరుసటి శనివారం గుడికి వెళ్లాలంటే ప్రతి యూదు తల్లీ భయపడుతుంది. ‘ఎవడో పిచ్చివాడు’ అని కేసు ముగిస్తే ఆ భయానికి న్యాయం జరగదు.

ఆ కేసులో వాడిన చట్టం వెనుక ఎవరి కన్నీళ్లున్నాయో తెలుసా? అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి క్రైస్తవుల చర్చీలు వరుసగా తగలబడినందుకే 1996లో ఆ చట్టాన్ని గట్టిపరిచారు. చర్చీల బూడిదలో బలపడిన చట్టమే నేడు సమాజమందిరానికి కాపలా కాస్తోంది. 2008లో కంధమాల్‌లో చర్చీలు కాలినప్పుడు మనం కోరిందీ ఇలాంటి న్యాయమే. పోలీసులు మూసేసిన 315 కేసులను మళ్లీ చూడమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2016 వరకు ఆగాల్సి వచ్చింది. మనకు కావాలన్న న్యాయం పొరుగువాడికి అక్కర్లేదా?

ఇక చేదు నిజం. 2019 ఏప్రిల్ 27న కాలిఫోర్నియాలోని పోవేలో, పస్కా పండుగ చివరి రోజున, సమాజమందిరంలో ఒక స్త్రీని కాల్చి చంపిన 19 ఏళ్ల యువకుడు క్రైస్తవ కుటుంబంవాడు, చర్చికి వెళ్లేవాడు. అంతకు నెల ముందు ఒక మసీదుకు నిప్పు పెట్టినవాడూ అతనే. ఆ దాడిని అతని సంఘ పెద్దలు ఖండించారు. కానీ అతని రాతల్లో ఉన్నది ‘క్రీస్తును చంపినవారు’ అన్న పాత నిందే. 1543లో మార్టిన్ లూథర్ సమాజమందిరాలు తగలబెట్టమని రాశాడు. ఆ విషం క్రైస్తవ లోకంలోనే పుట్టింది. మన ప్రసంగ వేదికల మీద అది వినబడలేదని గుండె మీద చెయ్యి వేసి చెప్పగలమా?

‘గాజాలో పిల్లలు చనిపోతుంటే యూదుల పక్షాన మాట్లాడాలా?’ అంటారు కొందరు. ఆ పిల్లల కోసం మాట్లాడాల్సిందే. అయితే సమాజమందిరం ఇజ్రాయెల్ రాయబార కార్యాలయం కాదు, అక్కడ ప్రార్థించే ముసలమ్మ ఆ దేశ ప్రధానమంత్రి కాదు.

మేము కోరేది పగ కాదు. పిట్స్‌బర్గ్ హంతకుడికి మరణశిక్ష పడింది. అది వేయాలా వద్దా అన్న దానిపై బాధితుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. మేము కోరేది ద్వేషాన్ని ద్వేషమని కోర్టులో పేరుపెట్టి విచారించడం. కోర్టు పని కోర్టు చేయాలి. సంఘం పని మనం చేయాలి. వచ్చే శ్రమల శుక్రవారం ప్రసంగంలో ఎవరైనా యూదులందరి మీద నింద వేస్తే, ఆరాధన ముగిశాక కాపరి దగ్గరకు వెళ్లి మర్యాదగా అడగండి: ‘అయ్యగారూ, మరి యేసు ఎవరు? మరియమ్మ ఎవరు?’