ఉపాధ్యాయ ఎంపికే అసలు సంస్కరణ: బెంగాల్ అనుభవం చెబుతున్నదేమిటి?

కోల్‌కతా: దక్షిణ కోల్‌కతాలోని భవానీపూర్‌కు దేశ విద్యా చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. కలకత్తా విశ్వవిద్యాలయానికి 1906 నుంచి 1914 వరకు, తిరిగి 1921 నుంచి 1923 వరకు వైస్ ఛాన్సలర్‌గా వ్యవహరించిన సర్ అశుతోష్ ముఖర్జీ నివసించింది ఇక్కడే. 1916లో ఈ ప్రాంతంలో నెలకొల్పిన సౌత్ సబర్బన్ కళాశాలకు ఆయన మరణానంతరం ఆయన పేరే పెట్టారు. 2011 ఉప ఎన్నికలోనూ, 2016లోనూ, 2021 ఉప ఎన్నికలోనూ మమతా బెనర్జీని శాసనసభకు పంపిన నియోజకవర్గం కూడా ఇదే. విద్యా సంప్రదాయం, రాజకీయాధికారం ఇంత సన్నిహితంగా కలసిన ప్రాంతాలు అరుదు. అటువంటి రాష్ట్రంలోనే ప్రభుత్వ పాఠశాల వ్యవస్థ దేశమంతా చర్చించుకునేంతటి సంక్షోభంలో చిక్కుకోవడం గమనార్హం.

2016 నాటి నియామక ప్రక్రియ ద్వారా ఉద్యోగాలు పొందిన 25,753 మంది ఉపాధ్యాయుల, బోధనేతర సిబ్బంది నియామకాలను కలకత్తా హైకోర్టు 2024 ఏప్రిల్ 22న రద్దు చేసింది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ తీర్పును ప్రధానంగా సమర్థించింది. ఒక్క తీర్పుతో ఇంతమంది పాఠశాల సిబ్బంది ఉద్యోగాలు కోల్పోవడం అసాధారణం. అయితే ఈ వ్యవహారాన్ని కేవలం ఒక అవినీతి కేసుగా చూడటం సరికాదు. గత నాలుగు దశాబ్దాలుగా బెంగాల్‌లో సాగిన పాఠశాల సంస్కరణల బలాబలాలు రెండూ ఇందులో బయటపడ్డాయి.

ఇంగ్లీషు వెళ్ళింది, వచ్చింది

ఉన్నత విద్య బాగుపడాలంటే ముందు మాధ్యమిక విద్య బాగుపడాలని శాడ్లర్ కమిషన్ 1919లోనే స్పష్టం చేసింది. కలకత్తా విశ్వవిద్యాలయ పరిస్థితిని పరిశీలించేందుకు ఏర్పడిన ఆ సంఘంలో అశుతోష్ ముఖర్జీ సభ్యులు. స్వాతంత్ర్యానంతరం కూడా బెంగాల్‌లో ఈ చర్చ ఆగలేదు. 1977లో అధికారంలోకి వచ్చిన లెఫ్ట్ ఫ్రంట్ ప్రభుత్వం 1980వ దశకం తొలి సంవత్సరాలలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల నుంచి ఇంగ్లీషును తొలగించి, ఆరో తరగతి నుంచి బోధించాలని నిర్ణయించింది. తల్లిదండ్రులెవరికీ చదువు రాని కుటుంబాల పిల్లలు పరాయి భాష భారంతో బడి మానేస్తున్నారన్నది ఈ నిర్ణయం వెనుక ఉన్న వాదన. ఆ వాదనలో బలం లేకపోలేదు.

కాని ఉత్తర్వు ఆశించిన ఫలితం ఒకటైతే, సమాజం ఇచ్చిన సమాధానం మరొకటి అయింది. స్తోమత ఉన్న కుటుంబాలు పిల్లలను ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడులకు మార్చాయి. అంత స్తోమత లేనివారు ట్యూషన్లను ఆశ్రయించారు. ఏ దారీ లేని కుటుంబాల పిల్లలే ప్రభుత్వం నిర్ణయించిన చదువుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సమానత్వం కోసం తెచ్చిన విధానం అంతరాన్ని పెంచిందన్న విమర్శ క్రమంగా బలపడింది. 1990వ దశకంలో అశోక్ మిత్రా కమిషన్, అనంతరం పవిత్ర సర్కార్ కమిటీ ఈ సమస్యను పరిశీలించాయి. చివరికి 2004 నాటికి ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు తిరిగి ప్రవేశించింది. సుమారు రెండు దశాబ్దాల పాటు సాగిన ఈ ప్రయోగంలో ఒక తరం పిల్లల బాల్యం గడచిపోయింది.

తల్లిదండ్రుల జేబుకు భారం

భాషా వివాదం ముగిసినా ట్యూషన్ల అలవాటు మాత్రం పోలేదు. నోబెల్ బహుమతి సొమ్ముతో అమర్త్యసేన్ నెలకొల్పిన ప్రతీచి ట్రస్టు 2002లో వెలువరించిన విద్యా నివేదిక ఈ విషయాన్ని ప్రముఖంగా ప్రస్తావించింది. ఉపాధ్యాయుల గైర్హాజరు, ప్రాథమిక దశలోనే ప్రైవేటు ట్యూషన్లపై ఆధారపడటం పేద పిల్లలకు పెద్ద అవరోధాలుగా మారాయని ఆ అధ్యయనం పేర్కొన్నది. ఇరవై ఏళ్ళ తరువాత 2022లో జరిగిన అసర్ సర్వే ప్రకారం గ్రామీణ బెంగాల్‌లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చదువుతున్న పిల్లల్లో నూటికి సుమారు 74 మంది డబ్బు చెల్లించి ట్యూషన్లకు వెళుతున్నారు. అదే సర్వేలో జాతీయ సగటు నూటికి సుమారు 30 మాత్రమే. బడిలో ఫీజు లేకపోయినా చదువుకు ఖర్చు తప్పడం లేదని ఈ లెక్క చెబుతోంది. భవానీపూర్ వంటి నగర ప్రాంతాలలో మధ్యతరగతి ఈ ఖర్చును ఎలాగో భరించగలదు. పురూలియా, బాంకుడా జిల్లాల వ్యవసాయ కూలీకి అది సాధ్యం కాదు.

కమిషన్ కథ

బడిలో పాఠం సరిగా జరగాలంటే సమర్థుడైన ఉపాధ్యాయుడు కావాలి. అతన్ని ఎంపిక చేసే పద్ధతిలో లోపం ఉందని ప్రభుత్వం గుర్తించకపోలేదు. లోగడ పాఠశాలల పాలక సంఘాలే ఉపాధ్యాయులను నియమించుకునేవి. బంధుప్రీతి, విరాళాల వసూళ్ళ ఆరోపణలు వినవచ్చేవి. ఈ పరిస్థితిని మార్చడానికి 1997లో చట్టం ద్వారా స్కూల్ సర్వీస్ కమిషన్‌ను ఏర్పాటు చేశారు. రాష్ట్రవ్యాప్తంగా ఒకే రాతపరీక్ష, ప్రతిభ ప్రాతిపదికపై జాబితా అన్న ఈ పద్ధతి వల్ల పలుకుబడి లేని గ్రామీణ యువతకు, ముఖ్యంగా మహిళలకు ఉపాధ్యాయ వృత్తి అందుబాటులోకి వచ్చింది. బెంగాల్ చేపట్టిన పాఠశాల సంస్కరణలలో అత్యంత ప్రయోజనకరమైనది ఇదేనంటే అతిశయోక్తి కాదు.

అటువంటి సంస్థ విశ్వసనీయతే 2016 నియామకాలతో దెబ్బతిన్నది. సుమారు 23 లక్షల మంది అభ్యర్థులు పోటీపడిన ఈ ప్రక్రియలో ర్యాంకులను తారుమారు చేయడం, జాబితా గడువు ముగిసిన తరువాత ఉద్యోగాలివ్వడం, జవాబు పత్రాలలోని మార్కులకూ ప్రకటించిన మార్కులకూ పొంతన లేకపోవడం వంటి అక్రమాలు న్యాయస్థానాల దృష్టికి వచ్చాయి. పూర్వపు విద్యాశాఖ మంత్రి పార్థ చటర్జీని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 2022 జూలైలో అరెస్టు చేసింది.

వీటన్నిటికంటె తీవ్రమైన లోపం మరొకటి ఉంది. ఓఎంఆర్ జవాబు పత్రాల అసలు ప్రతులను ధ్వంసం చేశారు. వాటి నకళ్ళను కమిషన్ తనవద్ద భద్రపరచలేదు. ఫలితంగా నిజాయితీగా ఉద్యోగం పొందినవారినీ, అడ్డదారిన వచ్చినవారినీ నమ్మకంగా వేరుచేసే ఆధారం లేకుండా పోయింది. మొత్తం ప్రక్రియనే రద్దు చేయడానికి ఇదొక ముఖ్య కారణమయింది. తప్పు చేసినట్లు తేలినవారు జీతాలు తిరిగి చెల్లించాలని, మిగిలినవారు చెల్లించనవసరం లేదని కోర్టు తేడా చూపినా, ఉద్యోగం మాత్రం ఇరువురికీ పోయింది.

ఉపాధ్యాయులను ఒక్కసారిగా తొలగిస్తే బోధన స్తంభిస్తుందన్న వాదనను పరిగణనలోకి తీసుకుని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 17న కొంత వెసులుబాటు కల్పించింది. మచ్చ లేని ఉపాధ్యాయులు అప్పటికి 2025 డిసెంబరు 31 వరకు కొనసాగవచ్చునని, ఈలోగా కొత్త నియామకాలు జరపాలని ఆదేశించింది. బోధనేతర సిబ్బందికి ఈ వెసులుబాటు దక్కలేదు. 2025 సెప్టెంబరులో 35,726 ఉపాధ్యాయ పోస్టులకు తాజాగా పరీక్షలు జరిగాయి. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవారు కొత్త అభ్యర్థుల పక్కన కూర్చుని మళ్ళీ పరీక్ష రాయవలసి వచ్చింది.

తెలుగువారికి హెచ్చరిక

ఈ పరిణామాలు తెలుగు పాఠకులకు దూరపు వార్తలు కావు. ప్రాథమిక దశ నుంచి ఇంగ్లీషు మీడియం ప్రవేశపెడుతూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో జారీచేసిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. బెంగాల్ ఇంగ్లీషును తొలగించి చిక్కుల్లో పడితే, ఆంధ్రప్రదేశ్ దానినే మాధ్యమంగా చేయబోయి వివాదంలో పడింది. దారులు ఎదురెదురైనా, ఆ భాషలో బోధించగల ఉపాధ్యాయులు తగినంతమంది ఉన్నారా అన్న ప్రశ్న రెండు చోట్లా వెనుకబడిపోయింది. ఇక డీఎస్సీ ప్రకటన కోసం సంవత్సరాల తరబడి ఎదురుచూడటం, వెలువడిన తరువాత కోర్టుల చుట్టూ తిరగడం తెలుగు రాష్ట్రాల నిరుద్యోగ యువతకు కొత్త కాదు. 2024లో తెలంగాణ 11,062 పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్ 16,347 పోస్టులకు డీఎస్సీ ప్రకటించాయి. ఇంత పెద్ద సంఖ్యలో ఒకేసారి జరిగే నియామకాలలో ప్రతి జవాబు పత్రానికీ లెక్క ఉండటం ఎంత అవసరమో బెంగాల్ చాటిచెప్పింది.

పాఠ్య ప్రణాళిక, మాధ్యమం, పరీక్షా విధానం వంటి అంశాలపై ప్రభుత్వాలు చూపే ఆసక్తి నియామక వ్యవస్థపై కానరాదు. కొత్త విధానం ప్రకటిస్తే వెంటనే ప్రచారం లభిస్తుంది. జవాబు పత్రాలను భద్రపరచడం, ఖాళీలను ఏటా భర్తీ చేయడం, నియామక సంస్థను మంత్రుల ప్రమేయానికి అతీతంగా ఉంచడం వంటి పనులకు అటువంటి ప్రచారం ఉండదు. కాని సంస్కరణ నిలిచేదీ కూలేదీ అక్కడే. కమిషన్‌ను స్థాపించడానికి బెంగాల్‌కు ఒక చట్టం సరిపోయింది. దానిపై నమ్మకాన్ని తిరిగి నిలబెట్టడానికి ఎన్ని సంవత్సరాలు పట్టినా, ఆ కాలమంతా నష్టపోయేది మాత్రం ట్యూషన్‌కు డబ్బు లేక ప్రభుత్వ బడినే నమ్ముకున్న విద్యార్థి.