ఇల్లిచ్చే ముందు అడగండి

రాత్రి పదకొండు దాటాక విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ బయట, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల అరుగుల మీద, కృష్ణ ఒడ్డున ఘాట్ల మెట్ల మీద పడుకునేవాళ్లందరినీ మనం ఒకే గాటన కట్టేస్తాం. బిచ్చగాళ్లనో, తాగుబోతులనో ఒక పేరు పెట్టి పక్కకు తప్పుకుంటాం. అధికారుల లెక్కా దాదాపు అంతే. పక్కన కూర్చుని పది నిమిషాలు మాట్లాడితే ఒకరి అవసరానికీ ఇంకొకరి అవసరానికీ పొంతనే ఉండదు.

మార్కెట్లో మూటలు దించే కూలీనే తీసుకోండి. ఊళ్లో అతనికి ఇల్లుంది, పెళ్లాం పిల్లలున్నారు. కూరగాయల బళ్లు తెల్లవారుజామునే వస్తాయి, అందుకని పని పక్కనే పడుకుంటాడు. రూముకు అద్దె కడితే ఇంటికి పంపడానికి మిగలదు. అతను అడిగేవి మూడే: స్నానానికి నీళ్లు, సంచి పెట్టుకోవడానికి తాళం పడే పెట్టె, మార్కెట్‌కు నడిచి వెళ్లేంత దూరంలో మంచం. ఘాట్ మెట్ల మీది ముసలమ్మ సంగతి వేరు. కొడుకు దగ్గర ఇమడలేక వచ్చేసింది. చీర చెంగుకు ముడేసుకున్న ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు జిరాక్స్ ఒకటుంది, అందులో అంకెలు చెరిగిపోయాయి. ఆమెకు కావలసింది లోపలినుంచి గడియ పెట్టుకోగల గది, ఆగిపోయిన పింఛను. తనలో తాను మాట్లాడుకుంటూ ఫ్లైఓవర్ కింద తిరిగే మనిషికి ముందు వైద్యం కావాలి, ఆ తర్వాత కనిపెట్టుకుని ఉండే తోడు కావాలి. ఈ ముగ్గురికీ ఒకే హాల్లో మూడు చాపలు పరిచి పని అయిపోయిందనుకుంటే ఎలా?

చట్టం వైపునుంచి చూస్తే చేయాల్సింది స్పష్టంగానే ఉంది. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, పగలూ రాత్రీ తెరిచి ఉండే ఆశ్రయాలు కట్టాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఆ లెక్కనే తీసుకుంది. ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని, ఆశ్రయంలో చేరినవారికి రేషన్, పింఛను, గుర్తింపు కార్డు ఇప్పించాలని నిబంధనల్లో రాసుకుంది. 2011 జనగణన ప్రకారమే విజయవాడ జనాభా 10 లక్షలు దాటింది, అంటే కనీసం పది ఉండాలి. ఉన్నవి సరిపోతాయా అని కార్పొరేషన్‌ను నిలదీయాల్సిందే. కానీ నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఆశ్రయం తర్వాతి మాట. అక్కడినుంచి ఎవరు ఎటు వెళ్లాలో తేల్చే పద్ధతే మన దగ్గర లేదు.

ఇళ్ల పథకాలకు ఈ ఊళ్లో కొదవ లేదు. సింగ్‌నగర్ వైపు వాంబే కాలనీ, జక్కంపూడిలో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం ఇళ్లు, ఆ తర్వాత టిడ్కో ఫ్లాట్లు, 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతా మొదలైన దాదాపు 30 లక్షల ఇళ్ల పట్టాల పంపిణీ. అన్నిటికీ అర్హత చూసేది ఆధార్‌తో, బియ్యం కార్డుతో, కుటుంబం లెక్కతో. అద్దె ఇంట్లో ఉన్న పేదవాడు ఆ వరుసలో నిలబడగలడు. అరుగు మీద పడుకునే ఒంటరి మనిషికి చిరునామా లేదు, అందుకని కార్డు లేదు, అందుకని ఇల్లు లేదు. ఇల్లు దొరికినవాళ్లనూ ఎవరూ ఏమీ అడగలేదు. కాల్వగట్ల మీదా నది ఒడ్డునా బతికినవాళ్లను పనికి దూరంగా ఊరి అంచుకు పంపారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు వాంబే కాలనీ జనం మేడ మీద గదుల్లో చిక్కుకుని పాల ప్యాకెట్ల కోసం ఎదురుచూశారు. చౌకగా దొరికిన పల్లంలో కట్టి పేదలకు ఇచ్చినదాని ఫలితం అది.

పింఛను సంగతి చూడండి. 2024 జులై నుంచి వృద్ధులకు 4,000 రూపాయలు నెల మొదట్లో ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మంచి పని. గుమ్మమే లేని ముసలమ్మ దగ్గరకు ఎవరు వెళ్లాలి? అన్న క్యాంటీన్ ఆమెను కార్డు అడగదు, ఐదు రూపాయలిస్తే అన్నం పెడుతుంది. అన్నానికి అవసరం లేని కార్డు ఇంటికి ఎందుకు అవసరమైందో నాకు అర్థం కాదు.

యాచన లేని నగరాల కోసం కేంద్రం 2022లో తెచ్చిన స్మైల్ పథకంలో విజయవాడ కూడా ఉంది. కానీ అది వెతికేది చేయి చాచేవాళ్లను. మూటలు మోసే కూలీ ఆ లెక్కలోకి రాడు.

అడగడం కూడా ఒక పనే, దాన్ని తప్పుగా చేస్తే అన్యాయం జరుగుతుంది. అమెరికాలో 2013 నుంచి వీఐ-ఎస్‌పీడాట్ అనే ప్రశ్నపత్రంతో నిరాశ్రయులకు మార్కులు వేసి, ఎక్కువ వచ్చినవారికి ముందు ఇల్లు ఇచ్చేవారు. తెల్లవారికన్నా నల్లజాతివారికి తక్కువ మార్కులు పడుతున్నాయని 2019లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి తయారుచేసినవాళ్లే 2020లో దాన్ని పక్కన పెడతామని ప్రకటించారు. మన దగ్గరా అంతే జరుగుతుంది. నలుగురి ఎదుట, ట్యాబ్ పట్టుకున్న కొత్త మనిషి వచ్చి ‘నీ మీద ఎవరైనా చెయ్యి వేశారా, జబ్బులేమైనా ఉన్నాయా’ అని అడిగితే ఏ ఆడమనిషైనా లేదనే చెబుతుంది. ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి. పక్కన పోలీసు ఉండకూడదు. అడిగిన మనిషే మళ్లీ మళ్లీ రావాలి. మొదటిరోజు పేరు చెబితే చాలు, నాలుగోసారికి అసలు సంగతి వస్తుంది. ఎక్కడ పని, ఎవరితో ఉండాలని ఉంది, ఏ మందులు ఆగిపోయాయి, ఎవరంటే భయం: ఇవి తెలిశాకే గదా, ఆశ్రయమా, ఆస్పత్రా అని నిర్ణయించాలి.

మతి చలించినవారి విషయంలో ఇది మరీ ముఖ్యం. రోడ్ల మీద తిరిగేవారిని ప్రభుత్వ వైద్యానికి చేర్చే బాధ్యత 2017 మానసిక ఆరోగ్య చట్టం పోలీసులకు అప్పగించింది. పెద్ద ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది సుమారు 350 కిలోమీటర్ల దూరంలో విశాఖలో. నయమయ్యాక ఎక్కడికి? చెన్నైలో 1993లో పుట్టిన బాన్యన్ సంస్థ దీనికి ఒక దారి చూపింది. 2015 నుంచి మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని, నలుగురైదుగురిని కలిపి ఉంచి, చూసుకోవడానికి మనిషిని పెడుతోంది.

విజయవాడలో అది కుదరదనడానికి నాకు ఒక్క కారణమూ కనిపించడం లేదు. ముందు ఎవరెవరున్నారో తెలియాలి. వచ్చే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. 2011లో ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 ఒక్క రాత్రే లెక్కపెట్టారు. ఆ ఒక్క రాత్రి కోసం చూడకుండా కార్పొరేషన్ ఇప్పుడే వార్డువారీగా మనుషులను పెట్టి ఈ పలకరింపు మొదలుపెట్టాలి. కొన్ని పోర్షన్లు తన పేరున లీజుకు తీసుకుని, అద్దె తనే కట్టాలి. భవానీపురంలోనో పటమటలోనో ఇల్లున్న పాఠకులకు నా మనవి ఒకటే: కార్పొరేషన్ అలా అడిగిన రోజున ‘ఎలాంటి వాళ్లో’ అని తలుపు వేసేయకండి.