కాలు ఇచ్చిన తరువాత

అనంతపురం సీమలో కరవుకు లెక్క ఉన్నది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, పడమటి కనుమల చాటున పడి రెండు ఋతుపవనాలకూ దూరమైన ఉనికి, ఎర్రని గరప నేలల్లో వేరుశనగ మీదనే ఆశ పెట్టుకున్న సేద్యం, ఇవన్నీ పాఠ్యపుస్తకాల కెక్కిన సంగతులే. వాన లోటును మండలాల వారీగా కొలుస్తారు. కరవు మండలాలను ప్రకటిస్తారు. కాని ప్రమాదంలో కాలో చెయ్యో కోల్పోయిన మనిషి ఇంట అడుగు పెట్టే కరవును కొలిచే సాధనం ఏదీ లేదు. అది ఊరందరికీ రాదు. ఒక్క ఇంటికే వస్తుంది. మరుసటి ఏడు వాన కురిసినంత మాత్రాన ఆ ఇంటిని విడిచి పోదు.

ఈ సీమలో బీదవాని బ్రతుకుతెరువంతా ఒంటి కష్టం మీద ఆధారపడినది. కలుపు తీయాలంటే గొంతుక్కూర్చోవాలి. వేరుశనగ పెరకాలంటే గంటల తరబడి నడుము వంచాలి. గొర్రెలు మేపేవాడు పొద్దు వాలేదాకా రాళ్ల గుట్టల వెంట నడవాలి. తాడిపత్రి నాపరాయి పనిలో చేతుల సత్తువ కావాలి. బెంగుళూరుకు వలస పోయి కట్టడపు పరంజా ఎక్కేవానికి కాళ్లూ చేతులూ రెండూ కావాలి. పంట పండని ఏడు చేతిలో మిగిలే ఆస్తి దేహమే. ఆ ఆస్తి పోయే దారులు కూడా ఆ పనుల పక్కనే పొంచి ఉన్నవి. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే 44వ నెంబరు జాతీయ రహదారి ఉన్నది. కూలీలతో క్రిక్కిరిసిన ఆటోలు ఉన్నవి. నూర్పిడి యంత్రపు పట్టీలు, బోరుబావుల వద్ద నేలకు జారిన తీగలు ఉన్నవి. 2022 జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి వద్ద, కూలికి పోతున్న వారి ఆటో మీద విద్యుత్తు తీగ పడి ఐదుగురు స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి దుర్ఘటన మరునాడు పత్రికల్లో వస్తుంది. ప్రాణం దక్కి అంగం దక్కనివారి గోడు మాత్రం ఆ ఊరి పొలిమేర దాటదు. విద్యుత్తు చేతిగుండా పాకి లోపలి కండరాలను కాల్చివేసినప్పుడు, మనిషి బ్రతికినా అనేక సందర్భాల్లో చెయ్యి నిలవదు.

తెగిన కాలి చోట మరొక కాలు పెట్టాలనే ఊహ ఈ దేశానికి కొత్తది కాదు. ఋగ్వేదంలో విశ్పల ప్రసక్తి ఉన్నది. పోరులో ఆమె కాలు తెగిపోగా అశ్వినీ దేవతలు తక్షణమే లోహపు కాలు అమర్చి నడిపించారట. దేవతల వైద్యానికీ మానవుల వైద్యానికీ తేడా ఆ తక్షణత్వంలోనే ఉన్నది. మనిషికి ముందు గాయం మానాలి. వాపు తగ్గే విధంగా కట్టు కట్టి మొండికాలిని తీరుకు తేవాలి. మోకాలు బిగుసుకుపోకుండా కసరత్తు చేయించాలి. అటు తరువాతనే కొలత తీసి కాలు చేస్తారు. తొలి నెలల్లో మొండికాలు క్రమంగా సన్నబడుతుంది గనుక, మొదట సరిపోయిన తొడుగు తరువాత వదులవుతుంది. అప్పుడు మరల మార్చాలి. ఎదిగే పిల్లలకు ఇంచుమించు ఏటేటా కొత్తది కావాలి. పెద్దవారికైనా కొన్నేళ్లకు అరిగిపోతుంది. అనంతపురపు ఎండల్లో తొడుగు లోపల చెమట నిలిచి చర్మం ఒరుసుకుంటుంది, పుండు పడుతుంది. ఆ పుండును చూచేవారు దగ్గరలో లేకపోతే మనిషి ఆ కాలును విప్పి అటక మీద పెడతాడు. మళ్లీ ఊతకర్ర చేతికి వస్తుంది.

కావున ఒక కాలు ఇవ్వడంతో కథ ముగియదు. అసలు కథ ఆనాడే మొదలవుతుంది. ఈ చిన్న సత్యాన్ని మరచిపోవడం వల్లనే ఎంతో దయ వృథా అవుతున్నది.

మన దేశపు నేలకూ నడవడికీ తగిన కాలు ఎట్లా పుట్టిందో విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిన కృత్రిమ పాదం బూటు తొడుక్కుని, కుర్చీలో కూర్చుని, చదునైన బాటపై నడిచే మనిషి కోసం చేసినది. బురదలో దిగేవారికి, నేల మీద బాసింపట్టు వేసేవారికి, ఉత్త కాళ్లతో గుడిలోకీ వంటింట్లోకీ పోయేవారికి అది అక్కరకు రాలేదు. 1968లో జయపురంలోని సవాయి మాన్‌సింగ్ ఆస్పత్రిలో, పెద్ద చదువులు చదవని రామచంద్ర శర్మ అనే శిల్పీ, ఎముకల వైద్యుడు డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ మొదలైనవారూ కలిసి రబ్బరుతో కొత్త పాదాన్ని రూపొందించారు. పాత టైరుకు కొత్త రబ్బరు వేసే దుకాణాన్ని చూచిన తరువాత శర్మకు ఆ ఆలోచన తట్టినదని చెబుతారు. ఆ పాదంతో చెప్పు లేకుండా నడవవచ్చు, నీటిలో దిగవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. సేఠీకి 1981లో మెగసేసే బహుమతి లభించినది. 1975లో ఏర్పడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఆ జయపురం పాదాన్ని దేశదేశాలకూ ఉచితంగా చేరవేసినది. పుస్తక విద్యా చేతి విద్యా ఒకచోట కూర్చుంటే ఏమి సాధ్యమో చెప్పడానికి ఇంతకన్న మంచి నిదర్శనం ఏమి కావాలి?

ఆ పాదం గొప్పతనాన్ని తెలుగువారు ముందుగా తెలుసుకున్నది వెండితెర మీద. నర్తకి సుధాచంద్రన్ 1981లో తిరుచిరాపల్లి సమీపాన జరిగిన బస్సు ప్రమాదంలో గాయపడినది. చికిత్సలో గాయం కుళ్లి కుడికాలు తీసివేయవలసి వచ్చినది. జయపురం పాదంతో సాధన చేసి 1984 జనవరిలో బొంబాయి వేదికపై ఆమె మరల నాట్యం చేసినది. 1985లో వచ్చిన ‘మయూరి’ చిత్రంలో ఆమె పాత్రను ఆమెయే ధరించినది. రాయలసీమ బిడ్డ కొంగనపల్లె నారాయణ కథ మరింత దగ్గరిది. పూర్వపు కర్నూలు జిల్లాకు చెందిన ఈ సైనికుడు 2015లో జమ్మూకాశ్మీరంలో మందుపాతర పేలి ఎడమకాలు కోల్పోయాడు. తరువాత పడవ పందేలలో శిక్షణ పొంది, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడలలో అనితతో కలిసి రజత పతకం గెలిచాడు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో పాల్గొన్నాడు.

ఇటువంటి జీవితాలను తరగతి గదిలో చెప్పవలసినదే. అయితే వాటిని చెప్పే తీరులో ఒక ప్రమాదం ఉన్నది. “చూడండి, పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు” అని ముగిస్తే, సాధించలేనివానికి పట్టుదల లేదని అర్థం వస్తుంది. నారాయణ వెనుక భారత సైన్యం ఉన్నది. కాళ్లు పోయిన సైనికుల కోసం పుణేలో కృత్రిమావయవ కేంద్రాన్ని 1944లోనే నెలకొల్పిన వ్యవస్థ అది. సుధాచంద్రన్ వెనుక తల్లిదండ్రుల అండ, చేయి తిరిగిన వైద్యుడు, ఏళ్ల తరబడి సాధనకు అవకాశం ఉన్నవి. కల్యాణదుర్గం దగ్గరి పల్లెలో నూర్పిడి యంత్రానికి చెయ్యి ఇచ్చుకున్న కూలివాని వెనుక ఎవరున్నారు? అతనికి లోపించినది పట్టుదల కాదు. ఇరుసు ఊడితే బండిని బాగుచేసే వడ్రంగి దగ్గరలో ఉన్నట్లు, తొడుగు వదులైతే సరిచేసే పనివాడు దగ్గరలో లేకపోవడమే అతని లోటు.

ఆ పనివాడు దగ్గరలో ఉండడం అసాధ్యం కాదని ఈ జిల్లాయే చూపినది. 1969లో అనంతపురం వచ్చి స్థిరపడి, 2009లో ఇక్కడనే కన్నుమూసిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లిలో పెద్ద ఆస్పత్రిని కట్టినది; కృత్రిమావయవాలను తయారుచేసే పనిని ఈ కరవు నేల మీదికే తెచ్చినది; పల్లెల్లో వికలాంగుల సంఘాలను కూర్చినది. 2022లో జిల్లా రెండైన తరువాత బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినది గాని, అక్కడి పాఠం రెండు జిల్లాలదీను. శిబిరాలు పెట్టి ఒక్కరోజున వందల కాళ్లు పంచేవారి సేవను తక్కువ చేయనక్కరలేదు. అయితే శిబిరం గుడారం ఎత్తిన ఆరు నెలలకు పుండు పడినవాడు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు జవాబు ఊరికి అందుబాటులో ఉండాలి.

కంటికి కనిపించని బాధ మరొకటి ఉన్నది. తీసివేసిన కాలి వ్రేళ్లు నొప్పి పెడుతున్నవని, లేని అరచెయ్యి మంటలెత్తుతున్నదని అంగం కోల్పోయినవారు అనేకులు చెబుతారు. ఇంటివారు మతి చలించినదనుకుంటారు. కొందరు గాలి సోకినదని మంత్రాలు వేయిస్తారు. ఇది మతిభ్రమా కాదు, గాలీ కాదు. పదహారవ శతాబ్దంలోనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రువాజ్ పారే దీనిని గుర్తించాడు. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడిన సైనికులను చూచిన సైలస్ వైర్ మిచెల్ 1871లో దీనికి ఒక పేరు పెట్టాడు. కాలు పోయినా మెదడులో దాని పటం చెరిగిపోదు. మద్రాసులో వైద్యం చదివిన వి. ఎస్. రామచంద్రన్ 1990లలో ఒక సులువైన ఉపాయం చూపాడు. ఉన్న కాలి ప్రతిబింబం పోయిన కాలి చోట కనిపించేటట్లు అద్దం నిలిపి, ఉన్న కాలిని మెల్లగా కదిలిస్తూ అద్దంలో చూడడమే ఆ ఉపాయం. అందరికీ కాకపోయినా కొందరికి దీనితో నొప్పి తగ్గినది. దీనికయ్యే ఖర్చు ఒక అద్దం ఖరీదు. అంతకన్న ముందు కావలసినది, ఆ నొప్పి నిజమని ఇంటివారు నమ్మడం.

చట్టం చేయదగినంత చేసినది. 1995 నాటి చట్టానికి బదులుగా వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం, నూటికి 40 పాళ్లకు తక్కువ కాని వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చినది. పుస్తకాలతో పాటు తగిన సహాయక పరికరాలు కూడా 18 ఏళ్ల దాకా ఉచితంగా ఇవ్వాలని అందులో ఉన్నది. ప్రభుత్వోద్యోగి కొలువులో ఉండగా వికలాంగుడైతే అతనిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పనికి తగకపోతే అదే జీతంపై మరొక పనిలో పెట్టాలి. పొలంలో కాలు పోగొట్టుకున్న కూలికి ఇటువంటి అభయం లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో వికలాంగుల పింఛనును నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలకు పెంచినది. అది పొయ్యి వెలిగించగలదు గాని పోయిన పనిని తిరిగి ఇవ్వలేదు. అందుచేత ఆ ఇంటి ఆశ అంతా పిల్లల చదువు మీదికి చేరుతుంది. ప్రమాదం పాలైనది ఆ బిడ్డయే అయితే, చదువు తప్ప ఇక వేరు దారి లేదు.

సరిగా ఇక్కడనే ఉపాధ్యాయుని పాత్ర నిర్ణయాత్మకమైనది. ఆస్పత్రి నుంచి వచ్చిన పిల్లవాడు నెలల తరబడి ఇంట పడి ఉంటాడు. “కాలు వచ్చిన తరువాత బడికి పంపుదాం” అని తల్లిదండ్రులు వాయిదా వేస్తారు. ఆ వాయిదాలో తరగతి తప్పిపోతుంది, తరువాత బడియే తప్పిపోతుంది. ఊతకర్రతోనే రమ్మని పిలవవలసినవాడు ఉపాధ్యాయుడు. వ్రాసే చెయ్యి పోయిన బాలికకు రెండవ చేతితో అక్షరాలు దిద్దించవచ్చు. పరీక్షలో వ్రాసిపెట్టే లేఖకుని, గంటకు 20 నిమిషాలకు తగ్గని అదనపు కాలాన్ని కోరే హక్కు ఆమెకు ఉన్నదని తల్లిదండ్రులకు చెప్పవచ్చు. పైమెట్టు మీది తరగతిని నేలగదిలోకి మార్చడానికి ఏ నిధులూ అక్కరలేదు. మరుగుదొడ్డి వద్ద పట్టుకొనడానికి ఒక కమ్మి బిగించడానికి పెద్ద అంచనాలు వేయనక్కరలేదు. కొలత మారినప్పుడు, పుండు పడినప్పుడు, ముందుగా గమనించగలిగినవాడు దినమూ ఆ పిల్లవాని నడక చూచే మాస్టరే. ఏటా బడి తెరిచిన వారంలో ఆ కాలు సరిపోతున్నదో లేదో అడిగి, కాగితం వ్రాయించి, ఆస్పత్రికి పంపడం హాజరు పట్టీ నింపడం వంటి పనిగా మారాలి.

ఇక మాట సంగతి. పల్లెల్లో మనిషికి ఉన్న లోపమే పేరుగా మారుతుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు వెనుకబడి, కుంటివాడన్నదే ఊరంతటి పిలుపవుతుంది. ఇటీవలి కాలాన దివ్యాంగులనే గౌరవ వాచకం వాడుకలోకి వచ్చినది. పిలుపులో మర్యాద మంచిదే. కాని దివ్యాంగుడని పిలిచి, అతడు ఎక్కలేని మెట్టును అట్లానే ఉంచితే ఆ మర్యాద ఎంతవరకు? ప్రతి ఉదయం హాజరు పిలిచేటప్పుడు ఆ పిల్లవానిని అతని పేరుతోనే పిలిచి, తోటివారికి వేసిన లెక్కనే అతనికీ వేసి, తప్పు చేస్తే అందరితోపాటు మందలించడంలోనే నిజమైన మర్యాద ఉన్నది. జాలి చూపేవారు ఊరిలో అనేకులు దొరుకుతారు. తన వంతు పని తనకు అప్పగించేవారు అరుదు.

ప్రభుత్వం చేయవలసినది స్పష్టమే. ప్రతి ప్రాంతీయ ఆస్పత్రిలోనూ కృత్రిమావయవాలను సరిచేసే చిన్న పనిశాల ఉండాలి. అందులో నెలనెలా జీతం పుచ్చుకునే నిపుణుడు ఉండాలి. ఎంతమందికి కాళ్లు ఇచ్చామన్న లెక్కతో పాటు, ఇచ్చిన మూడేళ్లకు వారిలో ఎంతమంది వాటితో నడుస్తున్నారన్న లెక్క కూడా ప్రతి ఏటా ప్రకటించాలి. మొదటి లెక్క దాతల ఔదార్యాన్ని చెబుతుంది. రెండవ లెక్క ఆ మనుషులు ఎట్లా బ్రతుకుతున్నారో చెబుతుంది. వాన లోటును అంత జాగ్రత్తగా కొలవడం నేర్చిన సీమకు ఈ లెక్క కష్టమైనది కాదు.