గర్భసంచి తీయించుకునే ముందు

అనంతపురం జిల్లా అక్కచెల్లెళ్లకు, వాళ్ల ఇంటి మగవాళ్లకు:

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తమ్మీద ఆ లెక్క 3. మన ఆడవాళ్లకే ఇన్ని జబ్బులు ఎక్కడ నుంచి వచ్చాయి?

"ముట్టు ఎక్కువ పోతోంది, సంచి వాచింది, ఉంచుకుంటే క్యాన్సరవుతుంది." ఈ మాటలు వినే చెనక్కాయ అమ్మిన డబ్బు, తాకట్టు పెట్టిన కమ్మలు ఆసుపత్రి పాలవుతున్నాయి. పిల్లలు పుట్టాక ఆ సంచితో పనేముందని ఇంట్లోవాళ్లూ అంటారు.

సంచి తీసేముందు ముట్టు ఎందుకు ఎక్కువ పోతుందో తెలుసుకోండి. అండాశయంలో పుట్టే ఈస్ట్రోజన్ నెలనెలా గర్భసంచి లోపలి పొరను పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ వచ్చి ఆ పెరుగుదలను అదుపు చేస్తుంది. రెండూ తగ్గితే పొర రాలి ముట్టవుతుంది. నలభై దాటేటప్పుడు కొన్ని నెలలు అండం విడుదల కాదు, ప్రొజెస్టరాన్ రాదు. అప్పుడు ఈస్ట్రోజన్ పగ్గం తెంచుకున్న ఎద్దే. పొర మందమెక్కి, రాలినప్పుడు రక్తం విపరీతంగా పోతుంది. లోటు ప్రొజెస్టరాన్‌ది కనుక ఆ జాతి మాత్రలతోనో హార్మోన్ లూప్‌తోనో చాలామందికి నయమవుతుంది. ఫైబ్రాయిడ్ గడ్డలూ ఈ హార్మోన్ల వల్లే పెరుగుతాయి, ముట్లుడిగాక సాధారణంగా చిన్నవవుతాయి. అవి క్యాన్సరవడం చాలా అరుదు.

సంచితోపాటు అండాశయాలూ తీస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒళ్లంతా ఆవిర్లు, ఎముకలు గుల్ల, గుండెజబ్బు ముప్పు. ముప్పై అయిదేళ్ల కూలిమనిషికి ఇదా వైద్యం?

ఆపరేషన్ తప్పని జబ్బులున్నాయి, కాదనం. ముట్లుడిగిన ఏడాదికి మళ్లీ రక్తం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు, చూపించుకోండి.

అనవసరపు ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా అధికారులను మేం అడిగేది ఇదే: నలభై లోపువాళ్లకు రెండో డాక్టరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఆపరేషన్ జరగాలి. ప్రతి ప్రైవేటు ఆసుపత్రీ నెలకు ఎన్ని సంచులు, ఏ వయసువాళ్లవి, ఎందుకు తీసిందో బోర్డు మీద రాయాలి. హార్మోన్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనదొకటి. ఆపరేషన్‌కు సర్కారు డబ్బు కట్టడం మొదట ఇక్కడే చూశాం, మాత్రకు, లూప్‌కు కట్టడమూ ఇక్కడే మొదలుపెట్టండి.

అమ్మా, సంచి తీయాలంటే ముందు స్కానింగ్, రక్త పరీక్ష, లోపలి పొర పరీక్ష రిపోర్టులు అడిగి తీసుకోండి. సర్వజన ఆసుపత్రిలోనో బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలోనో ఇంకో డాక్టరుకు చూపించండి. అంతవరకు ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకండి.