పాఠం ఉచితమే, తోడు కావాలి

2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఒక ప్రయోగం చేసింది. సెబాస్టియన్ త్రన్, పీటర్ నార్విగ్ చెప్పే కృత్రిమ మేధ కోర్సును ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చంది. సుమారు 1,60,000 మంది పేర్లు ఇచ్చారు. చివరిదాకా నిలిచినవారు 23,000 మందే. ఉచిత ఆన్‌లైన్ చదువు మీద ఆశ ఎంతో, అందులో కష్టం ఎంతో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఆశ చిన్నదేమీ కాదు. 2012లో కోర్సెరా, ఎడెక్స్ వచ్చాయి. మన ఐఐటీలు 2003లోనే ఎన్‌పీటెల్ పాఠాలు మొదలుపెట్టాయి. 2017లో కేంద్ర ప్రభుత్వం స్వయం వేదికను తెచ్చింది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా పాఠాలూ అందులో ఉన్నాయి. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో చదివే మన పిల్లలు పెద్ద ఆచార్యుల పాఠం ఇంట్లోనే వినవచ్చు. స్వయం పాఠాలు వినడానికి డబ్బు కట్టక్కర్లేదు. ధ్రువపత్రం కావాలంటే మాత్రం సాధారణంగా పరీక్ష రుసుము ఉంటుంది. అది ముందే కనుక్కోవాలి.

ఇక కష్టం. హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సుల్లో 2017-18లో చేరినవారిలో పూర్తిచేసింది నూటికి సుమారు ముగ్గురే. 2013లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తన కోర్సెరా విద్యార్థులను సర్వే చేస్తే, నూటికి ఎనభై మందికి పైగా అప్పటికే డిగ్రీ ఉన్నవారని తేలింది. అంటే చదవడం వచ్చినవారే మరింత చదువుకుంటున్నారు. చెయ్యి పట్టుకుని నడిపించాల్సినవారు మధ్యలోనే ఆగిపోతున్నారు.

మన పిల్లలకు దీనికి తోడు భాష చిక్కు ఉంది. స్వయం పాఠాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషులోనే. తెలంగాణ టీ-శాట్ తెలుగులో పాఠాలు చెబుతున్నా, అవి అక్కడి పాఠ్యప్రణాళికకు తగ్గవి. మన బడులు నడిచేది తామున్న రాష్ట్రాల ప్రణాళికతో. పైగా ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న పని నుంచి వచ్చేదాకా పిల్లల చేతికి రాదు.

అందుకే లింకు పంపి "చూసుకోండి" అంటే చాలదని మేము గట్టిగా చెబుతున్నాం. ప్రతి బడీ ఈ ఏడాది ఒక్క చిన్న కోర్సు ఎంచుకోవాలి. వారానికి ఒక గంట, పది మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయుడు, ఒక తెర. ఉపాధ్యాయులు ముందురోజే పాఠం చూసి, కఠిన పదాలకు తెలుగు మాట, స్థానిక భాషలో మాట బోర్డు మీద రాయాలి. మధ్యమధ్య ఆపి ప్రశ్నలడగాలి. తమ పుస్తకంలో ఆ విషయం ఏ పాఠంలో వస్తుందో చూపించాలి. ఈ అదనపు పనికి బడి యాజమాన్యం ఉపాధ్యాయుల పనివేళల్లోనే చోటివ్వాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఇంగ్లిషు రాకపోయినా ఫరవాలేదు. "ఈ వారం ఏం విన్నావు? నాకు తెలుగులో చెప్పు" అని అడగండి. చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. చెప్పలేకపోతే తిట్టకండి, ఎక్కడ ఆగిందో మాస్టారికి తెలియజేయండి. పాఠం ఎక్కడి నుంచైనా వస్తుంది. పక్కన కూర్చునే మనిషిని మాత్రం మనమే ఇవ్వాలి.